క్రిములను చంపే సబ్బు, క్రిములను మేపే క్రీము

ఈసారి మందుల షాపుకు వెళ్ళినప్పుడు సబ్బులూ క్రీములూ పెట్టిన అద్దాల బీరువా ముందు ఒక్క నిమిషం నిలబడండి. కొనడానికి కాదు, చదవడానికి. ఒక సబ్బు అట్ట మీద "99.9 శాతం క్రిములను చంపుతుంది" అని ఉంటుంది. దానికి జానెడు దూరంలో, అంతకు ఎన్నో రెట్లు ధర ఉన్న సీసా మీద "మైక్రోబయోమ్ ఫ్రెండ్లీ" అని ఉంటుంది. అంటే మీ ఒంటి మీది సూక్ష్మజీవులతో స్నేహంగా ఉంటుందట! ఒకడు చంపుతానంటాడు, ఇంకొకడు మేపుతానంటాడు. ఇద్దరూ మనకు మేలు చేస్తామనే అంటారు.

ఇద్దరి మాటా ఒకేసారి ఎలా నిజమవుతుంది? ఇది తేలాలంటే ముందు మన ఒంటి మీద ఎవరు కాపురముంటున్నారో తెలియాలి.

మీ ఒంటి మీద ఊళ్ళు

పెద్ద మనిషి చర్మాన్ని విప్పి పరిస్తే రెండు చదరపు మీటర్లకు కొంచెం తక్కువగా ఉంటుంది. ఒక చిన్న చాపంత అనుకోండి. ఆ చాప మీద సుమారు పదివేల కోట్ల బాక్టీరియా ఉంటాయని అంచనా. ఇవి కాక బూజు జాతికి చెందిన మలసీజియా అనే జీవులుంటాయి. ముఖం మీది వెంట్రుక కుదుళ్ళలో డెమోడెక్స్ అనే, కంటికి కనిపించనంత చిన్న పురుగులు కూడా ఉంటాయి. ముఖం తడుముకోకండి, అవి చాలామందికి ఉంటాయి! పెద్దవాళ్ళకు మరీ ఎక్కువ.

(మన శరీరంలో మన కణాలకంటే బాక్టీరియా పది రెట్లు ఎక్కువని చాలా పుస్తకాలలో చదివి ఉంటారు. అది పాత అంచనా. 2016లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మళ్ళీ లెక్క వేసి, మన కణాలు 30 లక్షల కోట్లు, బాక్టీరియా 38 లక్షల కోట్లు, అంటే ఇంచుమించు సమానమేనని తేల్చారు. వాటిలో చాలా భాగం ఉండేది చర్మం మీద కాదు, పెద్దపేగులో.)

ఇలా ఒక చోట కాపురముండే సూక్ష్మజీవులన్నిటినీ కలిపి మైక్రోబయోమ్ అంటారు. ఒక ఊరి జనాభా అన్నట్టే.

ఈ ఊరి జనాభా లెక్కలు తీయడం మొదట్లో చాలా కష్టంగా ఉండేది. చర్మాన్ని దూదితో తుడిచి, ఆ దూదిని గాజు పళ్ళెంలోని ఆహారం మీద రాసి, ఏం మొలుస్తాయో చూసేవాళ్ళు. గాజు పళ్ళెంలో పెరగనివి లెక్కలోకి వచ్చేవే కావు. ఇంటింటికీ తిరగకుండా, సంతకు వచ్చినవాళ్ళను మాత్రం లెక్కపెట్టి ఊరి జనాభా చెప్పినట్టు ఉండేది ఆ పద్ధతి. తరువాత ఒక ఉపాయం దొరికింది. ప్రతి బాక్టీరియాలోనూ ప్రోటీన్లను తయారుచేసే రైబోసోము అనే చిన్న యంత్రం ఉంటుంది. ఆ యంత్రంలో ఒక భాగాన్ని తయారుచేసే జన్యువు సుమారు 1,500 అక్షరాల పొడవుంటుంది. అందులో కొన్ని చోట్ల అక్షరాలు అన్ని బాక్టీరియాలలోనూ ఒకటే. కొన్ని చోట్ల జాతికో తీరుగా మారతాయి. మారే చోట్లను చదివితే అది ఏ జాతిదో తెలిసిపోతుంది. బాక్టీరియాను పెంచనక్కరలేదు, బతికి ఉండాలని కూడా లేదు. ఇంటి తలుపు మీది పేరు చదివితే చాలు, లోపలివాళ్ళను పిలవనక్కరలేదన్నమాట. (ఈ పద్ధతిలో ఒక చిక్కు కూడా ఉంది. తలుపు మీద పేరు ఉంటుంది కాని, ఆ ఇంటాయన బతికి ఉన్నాడో లేదో ఉండదు!)

2008లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు 51 మంది విద్యార్థుల రెండు చేతులనూ ఈ పద్ధతిలో పరీక్షించారు. సగటున ఒక్కో అరచేతిలో 150కి పైగా రకాలు కనిపించాయి. అందరి చేతులూ కలిపితే 4,700 రకాలు దాటాయి. ఇద్దరు మనుషుల చేతుల మీద ఉమ్మడిగా ఉన్నవి 13 శాతం మాత్రమే. ఇంకా వింత ఏమిటంటే, ఒకే మనిషి కుడి చేతికీ ఎడమ చేతికీ ఉమ్మడిగా ఉన్నవి 17 శాతం! మీ కుడిచేతి జనాభాకు మీ ఎడమ చేయి కూడా పరాయి ఊరే.

మరుసటి ఏడాది, 2009లో, ఎలిజబెత్ గ్రైస్, జూలీ సెగ్రె అనే శాస్త్రజ్ఞులూ వారి సహచరులూ ఆరోగ్యంగా ఉన్న 10 మంది ఒంటి మీద 20 చోట్ల తుడిచి చూశారు. ఫలితం ఎలా ఉండవచ్చో మీరూ ఊహించండి. నుదురూ ముక్కు పక్కలూ జిడ్డు నేలలు. చంకలూ బొడ్డూ తడి నేలలు. ముంజేయి పొడి నేల. కోనసీమకూ అనంతపురానికీ ఉన్నంత తేడా అనుకోండి. మరి ఎక్కడ ఎక్కువ రకాలుంటాయి? తడిగా ఉన్న చోటనేగా! కాదు. పొడిగా ఉండే ముంజేతి మీద మధ్యస్థంగా 44 రకాలు కనిపించాయి. చెవి వెనుక జిడ్డు నేలలో 15 మాత్రమే. ఇదేమీ చెవి వెనుక రోగం ఉందనడానికి గుర్తు కాదు. జిడ్డు తిని బతకగలిగేవి కొన్నే, అంతే. ఈ 44నూ 15నూ గుర్తుంచుకోండి, తరువాత అవసరం వస్తాయి.

అద్దె ఏమిస్తున్నాయి?

ఇన్ని కోట్ల జీవులు మన ఒంటి మీద ఊరికే కూర్చుని తింటున్నాయా? కొన్ని అలాంటివే కావచ్చు. కాని కొన్ని మంచి అద్దె చెల్లిస్తున్నాయి.

ముఖం మీది జిడ్డును తిని బతికే బాక్టీరియా ఒకటుంది. దాని పేరు క్యుటిబాక్టీరియం యాక్నెస్. పాత పుస్తకాలలో ప్రొపియోనిబాక్టీరియం అని ఉంటుంది. 2016లో ఇంటిపేరు మార్చారు. ఇది జిడ్డును విరగ్గొట్టి కొవ్వు ఆమ్లాలను వదులుతుంది. చెమటలోని లాక్టిక్ ఆమ్లం, చర్మం తనంతట తాను తయారుచేసుకునే ఆమ్లాలు వీటికి తోడవుతాయి. అందువల్ల మన చర్మం ఎప్పుడూ కొంచెం పుల్లగా ఉంటుంది. జర్మనీలో షాడే, మార్కియోనిని అనే ఇద్దరు వైద్యులు 1928లో దీనికి "ఆమ్లపు దుప్పటి" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. పులుపులో బతకడం అలవాటు లేని క్రిములకు ఈ దుప్పటి కింద నిద్ర పట్టదు.

అలాంటి క్రిములలో ముఖ్యమైనది స్టాఫిలోకోకస్ ఆరియస్. ఆరియస్ అంటే లాటిన్‌లో బంగారు రంగు గలది అని అర్థం. గాజు పళ్ళెంలో బంగారంలా మెరుస్తుంది కాని చేసేవన్నీ పాడు పనులే. సెగ్గడ్డలు లేపేది, పుండ్లు చీము పట్టించేది చాలాసార్లు ఇదే. ఎగ్జిమా అనే జబ్బుంది చూశారూ, మోచేతి మడతల్లో, మోకాలి వెనుక చర్మం ఎర్రబడి, గీరి గీరి పిల్లలు రాత్రంతా నిద్ర లేక ఏడుస్తారు. ఆ చర్మం మీద ఈ బంగారు క్రిమి పెద్ద ఎత్తున చేరుతుంది.

దీనికి పగవాడు దాని జ్ఞాతే, స్టాఫిలోకోకస్ ఎపిడెర్మిడిస్. 2010లో జపాను శాస్త్రజ్ఞులు ఒక సంగతి బయటపెట్టారు. ఎపిడెర్మిడిస్‌లో కొన్ని తెగలు ఒక ఎంజైమును వదులుతాయి. ముక్కులో స్థిరపడడానికి బంగారు క్రిమి కట్టుకునే జిగురు గోడను ఆ ఎంజైము కరిగించేస్తుంది. ఎవరి స్థలం వాళ్ళు కాపాడుకోవడమే తప్ప మనకు మేలు చేయాలని వాటికేమీ లేదు. మేలు మాత్రం మనకు జరుగుతోంది.

ఇంకొకటి స్టాఫిలోకోకస్ హోమినిస్. అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు. చంకలో ఊరే ఒక రకం చెమటను ఈ హోమినిస్ తిని, గంధకం కలిసిన ఒక ఘాటు పదార్థాన్ని వదులుతుంది. ఆటల పీరియడు అయ్యాక తరగతి గదిలో వచ్చే వాసన దాని చలవే. ఆ పని చేసే ఎంజైమును యార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు యూనిలీవర్ కంపెనీతో కలిసి కనిపెట్టి 2020లో ప్రకటించారు. సబ్బులమ్మే కంపెనీకి చెమట కంపుతో పనేమిటో వేరే చెప్పాలా! ఈ హోమినిస్ పేరు కూడా గుర్తుంచుకోండి. అది మళ్ళీ ఇంకో వేషంలో వస్తుంది.

పసుపు చెప్పే సాక్ష్యం

ఇప్పుడు సబ్బు సంగతి. తెల్ల చొక్కా మీద కూర మరక పడితే పసుపుపచ్చగా ఉంటుంది. సబ్బు రాయగానే ఎర్రబడుతుంది. మీరు ఎన్నోసార్లు చూసే ఉంటారు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా అయ్యేదీ ఇందుకే. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. సున్నం క్షారం, మామూలు సబ్బూ క్షారమే.

పులుపునూ క్షారాన్నీ కొలిచే కొలబద్దను పి.హెచ్. అంటారు. 7 దగ్గర నీళ్ళు. కిందికి వెళ్ళేకొద్దీ పులుపు, పైకి వెళ్ళేకొద్దీ క్షారం. చర్మం 5 దగ్గర ఉంటే మామూలు సబ్బు నురగ 9, 10 దగ్గర ఉంటుంది. "నాలుగు మెట్లేగా" అనుకోకండి. ఈ నిచ్చెనలో ఒక్కో మెట్టూ పది రెట్లు. నాలుగు మెట్లంటే పదివేల రెట్లు! సబ్బుతో రుద్దుకున్నప్పుడల్లా ఆ ఆమ్లపు దుప్పటి కాసేపు తొలగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొద్ది గంటల్లో మళ్ళీ కప్పుకుంటుంది. ఎగ్జిమా ఉన్న చర్మానికి అది కష్టం. అందుకే అలాంటి పిల్లలకు వైద్యులు క్షారం లేని, చర్మపు పులుపుకు దగ్గరగా ఉండే సబ్బులు చెబుతారు.

ఇంత చదివాక మీలో కొందరికి ఒక ఆలోచన వచ్చి ఉంటుంది: "అయితే అన్నానికి ముందు చేతులు కడుక్కోనక్కరలేదన్నమాట!" ఆగండి. ఫిలిప్ ప్రైస్ అనే అమెరికన్ సర్జను 1938లో ఈ విషయం మీద చక్కని ప్రయోగం ప్రకటించాడు. వరుసగా బేసిన్లలో క్రిములు లేని నీళ్ళు పోసి, చేతులను బ్రష్షుతో రుద్దుతూ ఒకదాని తరువాత ఒక దానిలో కడిగి, ఏ బేసిన్లో ఎన్ని బాక్టీరియా దిగాయో లెక్కపెట్టాడు. కొన్ని బాక్టీరియా మొదటి కడుగుళ్ళలోనే వదిలిపోయాయి. మరికొన్ని ఎంత రుద్దినా కొంచెం కొంచెంగా వస్తూనే ఉన్నాయి. మొదటివి బాటసారులు, రెండోవి కాపురస్తులు అన్నాడాయన. మరుగుదొడ్డి నుంచీ, తలుపు గొళ్ళెం నుంచీ, బస్సు ఊచల నుంచీ చేతికంటిన విరేచనాల క్రిములు బాటసారులే. సబ్బు వాటిని తీసుకుపోతుంది. కాపురస్తులు లోతున, కుదుళ్ళలో ఉండి మళ్ళీ పెరుగుతాయి. కాబట్టి చేతులు కడుక్కోవలసిందే. ఇక్కడ సబ్బువాడి మాట నిజం.

కాని వాడు ఇంకో అడుగు ముందుకు వేసి, మామూలు సబ్బు చాలదు, క్రిములను చంపే మందు కలిపిన సబ్బే కావాలన్నాడు. ఆ మాట ఎంతవరకు నిజమో ఋజువు చూపండని అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ శాఖ అడిగింది. మామూలు సబ్బూ నీళ్ళకంటే ఎక్కువ మేలు జరుగుతుందని కంపెనీలు చూపలేకపోయాయి. 2016 సెప్టెంబరులో ట్రైక్లోసాన్‌తో సహా 19 మందులను ఇళ్ళల్లో వాడే సబ్బుల నుంచి తొలగించాలని ఆ శాఖ ఉత్తర్వు ఇచ్చింది.

గుర్రం ఎందుకు దొర్లింది?

చంపేవాడి కథ అలా ఉండగా, మేపేవాడి కథ ఒక గుర్రంతో మొదలయింది. గుర్రాలు మట్టిలో దొర్లడం మీరు చూసే ఉంటారు. అమెరికాలో డేవిడ్ విట్‌లాక్ అనే రసాయన ఇంజనీరును ఒకామె, గుర్రం ఎందుకిలా దొర్లుతుందని అడిగిందట. ఆయన దాని మీద ఆలోచించి ఒక ఊహ చేశాడు. మట్టిలో అమోనియాను తినే నైట్రోసోమోనాస్ అనే బాక్టీరియా ఉంటుంది. చెమటలో అమోనియా ఉంటుంది. చెమట పట్టిన గుర్రం ఆ బాక్టీరియాను ఒంటికి పట్టించుకోవడానికే దొర్లుతోందేమో! మనమూ ఒకప్పుడు వాటిని మోసేవాళ్ళమేమో, సబ్బు వచ్చి వాటిని పోగొట్టిందేమో!

విట్‌లాక్ ఊహతో ఆగలేదు. పశువుల కొట్టాల నుంచి మట్టి తెచ్చి, అందులోంచి ఆ బాక్టీరియాను పెంచి, తన ఒంటికే పట్టించుకున్నాడు. స్నానం మానేశాడు. 2014లో ఒక పత్రికా విలేఖరి ఆయనను కలిసేనాటికి స్నానం చేసి పన్నెండేళ్ళయింది. అప్పుడప్పుడు ఒళ్ళు తుడుచుకోవడం మాత్రం ఉందట. (ఇది మీ అమ్మగారికి చూపించి లాభం లేదు. నేను చిన్నప్పుడు ఇంతకంటే మంచి కారణాలే చెప్పి చూశాను.) ఆ బాక్టీరియాను సీసాల్లో పోసి అమ్మడానికి ఒక కంపెనీ కూడా వెలిసింది. ఒంటి మీద చల్లుకునే ఆ నీళ్ళలో బాక్టీరియా బతికే ఉంటాయి కనుక చల్లగా దాచుకోవాలి.

కథ బాగుంది. కాని గుర్రం నిజంగా అందుకే దొర్లుతోందని గుర్రం చెప్పలేదు. ఈగలు వాలకుండా దొర్లవచ్చు, దురద పుట్టి దొర్లవచ్చు. ఒక మనిషి పన్నెండేళ్ళు బాగున్నాడంటే అందరూ బాగుంటారని కాదు. మంచి ఊహ వేరు, ఋజువు వేరు.

సీసాలో ఏముంది?

ఆ తరువాత పెద్ద కంపెనీలు రంగంలోకి దిగాయి. నీలం డబ్బా నీవియా మీకు తెలుసుగా! దాన్ని తయారుచేసే బైయర్స్‌డోర్ఫ్ కంపెనీ 2022 డిసెంబరులో, చర్మపు బాక్టీరియా మీద పనిచేసే బెల్జియం కంపెనీ ఒకదాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఈ రకం క్రీముల సీసాల మీద రాసి ఉండేవి చదివితే తల తిరుగుతుంది కాని, వంటింట్లోకి వెళ్తే అంతా తేలికే.

మొదటి రకం, బాక్టీరియాకు తిండి. ఉల్లిపాయల్లో, వెల్లుల్లిలో ఇన్యులిన్ అనే పిండి పదార్థం ఉంటుంది. అలాంటివాటిని క్రీములో కలుపుతారు. మంచి బాక్టీరియా తిని పెరుగుతాయని ఆశ. ఇందులో చిక్కు ఏమిటో రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. మడికి ఎరువు వేస్తే వరి ఒక్కటే తింటుందా? కలుపు కూడా తింటుంది. ఆ తిండి ఎవరి నోట్లోకి పోతోందో పరీక్షించి చూపితే తప్ప తెలియదు.

రెండో రకం, బతికి ఉన్న బాక్టీరియా. పెరుగు లాంటిది. చెంచాడు పెరుగులో కోట్ల బాక్టీరియా బతికి ఉంటాయి కాబట్టే దానితో పాలు తోడుకుంటాయి. కాని పెరుగు మూడో నాటికి ఏమవుతుందో మీకు తెలుసు. క్రీము డబ్బా నెలల తరబడి కొట్లో, తరువాత మీ స్నానాల గదిలో ఉండాలి. రోజూ ఎవరో ఒకరు వేలు పెడుతూ ఉంటారు. బూజు పట్టకుండా, పాడు క్రిములు చేరకుండా అందులో నిలవ మందు కలిపి తీరాలి. ఆ మందుకు మంచి బాక్టీరియా, చెడ్డ బాక్టీరియా అనే భేదం తెలియదు. పైగా క్రీములో ఉండదగిన సూక్ష్మజీవుల సంఖ్యకు హద్దు ఉంది. 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మామూలు క్రీములో గ్రాముకు 1,000 మించరాదు. మూడేళ్ళలోపు పిల్లలకూ, కళ్ళ చుట్టూ రాసుకోవడానికీ చేసేవాటిలో 100 మించరాదు. ఇంత తక్కువ బాక్టీరియాతో తోడు పెడితే పెరుగే తోడుకోదు!

అందుకని ఎక్కువ కంపెనీలు మూడో రకం పట్టుకున్నాయి. బాక్టీరియాను పెద్ద తొట్లలో పెంచి, చంపి, చితక్కొట్టి, ఆ సారాన్ని కలుపుతారు. ఇది మజ్జిగ పులుసు లాంటిది. మజ్జిగ పులుసు పెరుగు నుంచే వస్తుంది, రుచిగానే ఉంటుంది, కడుపుకు మంచిదే కావచ్చు. కాని కాగిన తరువాత దానితో పాలు తోడుపెట్టలేరు. డబ్బా మీద "ప్రోబయోటిక్" అని ఉన్నా చాలాసార్లు లోపల ఉన్నది మజ్జిగ పులుసే.

అలాగని చచ్చిన బాక్టీరియా దండగ అనలేం. గంధకపు వేడినీటి బుగ్గల్లో పెరిగే విట్రియోసిల్లా అనే బాక్టీరియా సారాన్ని క్రీములో 5 పాళ్ళు కలిపి, ఎగ్జిమా ఉన్న 75 మంది మీద 30 రోజులు పరీక్షించారు. ఫలితాలు 2008లో వైద్య పత్రికలో వచ్చాయి. సారం కలిపిన క్రీము రాసుకున్నవాళ్ళకు దురద, ఎరుపు ఎక్కువ తగ్గాయి. సారం లేని ఉత్త క్రీముతో పోల్చి చూశారు కనుక దీనికి విలువ ఉంది. ఆ పనిలో పాలుపంచుకున్నది లోరియల్ అనే సౌందర్య సాధనాల కంపెనీ అని కూడా తెలిసి ఉండడం మంచిది. డబ్బు పెట్టినవాడు ఎవరైనంత మాత్రాన ఫలితం అబద్ధం కాదు. కాని వేరొకరు కూడా చేసి చూసేదాకా ఒక కన్ను తెరిచి ఉంచాలి.

ఉత్త నీళ్ళు నేర్పిన పాఠం

ఉత్త క్రీముతో పోల్చడం ఎందుకంత అవసరమో చెప్పే కథ ఇది.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఇయాన్ మైల్స్ అనే వైద్యుడు ఆరోగ్యవంతుల చర్మం నుంచి రోజియోమోనాస్ మ్యూకోసా అనే బాక్టీరియాను తీసి, బతికి ఉండగానే చక్కెర నీళ్ళలో కలిపి, ఎగ్జిమా ఉన్న 10 మంది పెద్దవాళ్ళ మీద, 5 గురు పిల్లల మీద చల్లి చూశాడు. 2018లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువమందికి బాగా తగ్గింది! ఎంతోమంది తల్లిదండ్రులు ఆశపడ్డారు. ఒక కంపెనీ దాన్ని మందుగా చేయడానికి పూనుకుంది. ఈసారి ఎక్కువమందిని తీసుకుని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు బాక్టీరియా, రెండో జట్టుకు అది లేని ఉత్త ద్రవం. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్ళకు తెలియదు. 2021 సెప్టెంబరులో చీట్లు విప్పి చూస్తే రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కంపెనీ ఆ మందును వదిలేసింది.

మరి 2018లో తగ్గింది అబద్ధమా? కాదు. ఎగ్జిమా తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మరీ బాధగా ఉన్నప్పుడే మనం వైద్యుడి దగ్గరికి పరుగెత్తుతాం. ఆ తరువాత ఏం రాసినా కొంత తగ్గేదే. పోల్చడానికి రెండో జట్టు లేకపోతే ఆ పేరు రాసిన మందుకు పోతుంది.

ఇప్పుడు హోమినిస్‌ను మళ్ళీ పిలుద్దాం. కాలిఫోర్నియాలో రిచర్డ్ గాలో అనే చర్మవైద్యుడి బృందం ఆరోగ్యవంతుల చర్మం మీద వెదికి, బంగారు క్రిమిని చంపగల ఒక హోమినిస్ తెగను పట్టుకుంది. 2021లో ఆ పరీక్ష ఫలితాలు ప్రకటించారు. ఎగ్జిమా ఉన్న పెద్దవాళ్ళలో ఒక జట్టుకు ఆ బాక్టీరియా బతికి ఉన్న క్రీమును, రెండో జట్టుకు ఉత్త క్రీమును వారం రోజులు రాశారు. హోమినిస్ రాసినవాళ్ళలో బంగారు క్రిమి తగ్గింది. కాని మొత్తం మీద జబ్బు తీవ్రతలో రెండు జట్లకూ తేడా తేలలేదు. విడదీసి చూస్తే, ఏ రోగుల మీది బంగారు క్రిమి ఈ హోమినిస్ దెబ్బకు చచ్చే రకమో, వాళ్ళకు మాత్రం మెరుగ్గా ఉంది. అంటే అందరికీ ఒకే సీసా పనిచేయదు. చెమట కంపు చేసే జాతిలోనే ఎగ్జిమాకు మందు కాగల తెగ ఉందన్నమాట!

తెగ అనే మాట మొటిమల దగ్గర కూడా వస్తుంది. హైస్కూలు పిల్లలు ఇది జాగ్రత్తగా చదవండి. జిడ్డు తినే క్యుటిబాక్టీరియమే మొటిమలకు కారణమని చాలాకాలంగా చెబుతూ వచ్చారు. కాని అది మొటిమలు లేనివాళ్ళ ముక్కు మీద కూడా అంతే ఉంటుంది! 2013లో లాస్ ఏంజెలెస్‌లో మొటిమలున్న 49 మందినీ లేని 52 మందినీ పోల్చి చూశారు. ఆ బాక్టీరియాలో కొన్ని తెగలు మొటిమలున్నవాళ్ళ మీదే ఎక్కువగా, ఇంకో తెగ నున్నటి ముఖాల మీదే ఎక్కువగా కనిపించాయి. ఒకే ఇంటిపేరుతో ఊళ్ళో పదిళ్ళున్నాయనుకోండి. ఒక ఇంటివాళ్ళు దొంగలైతే పదిళ్ళనూ తగలబెడతామా? అలాగని ఆ మంచి తెగను ఇప్పుడే సీసాలో కొనుక్కుని మొటిమలు పోగొట్టుకోవచ్చు అనుకోకండి. దాని మీద పరిశోధన జరుగుతోంది. మొటిమలు బాధిస్తుంటే చర్మవైద్యుడి దగ్గర ఎప్పటినుంచో పరీక్షకు నిలిచిన మందులున్నాయి, అవి చవక కూడా.

మళ్ళీ బీరువా ముందుకు

ఇక ఆ సీసా మీది మాట. "మైక్రోబయోమ్ ఫ్రెండ్లీ" అంటే ఇది అని మన చట్టంలో నిర్వచనం ఏదీ లేదు. 1940 నాటి మన ఔషధాల, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం శుభ్రపరచడానికీ అందాన్ని పెంచడానికీ వాడేవి సౌందర్య సాధనాలు. జబ్బు తగ్గిస్తుందని చెబితే అది మందు లెక్కలోకి పోతుంది. మందుకు ఉండే పరీక్షలన్నీ నెగ్గాలి. అందుకే సీసా మీది మాటలు ఎంతో నేర్పుగా ఉంటాయి. "ఎగ్జిమా తగ్గిస్తుంది" అని ఉండదు. "చర్మపు సమతౌల్యానికి తోడ్పడుతుంది" అని ఉంటుంది. ఎంత తోడ్పడుతుంది? దేనితో పోలిస్తే? అది మాత్రం ఉండదు.

ఈ ముద్ర కోసం కొందరు చేసే పరీక్ష ఏమిటంటే, చర్మపు బాక్టీరియా కొన్నిటిని గాజు పళ్ళెంలో పెంచి, వాటి మీద ఆ క్రీము వేసి, అవి చావలేదని చూపడం. చావకపోతే మంచిదే. కాని ఆ లెక్కన మంచినీళ్ళు కూడా ఆ పరీక్ష నెగ్గుతాయి. మంచినీళ్ళ సీసాకు ఎంత ధర పెడదాం? ఇంకొందరు, మా క్రీము రాస్తే చర్మం మీద బాక్టీరియా రకాలు పెరిగాయంటారు. ముంజేతి 44నూ చెవి వెనుక 15నూ ఇప్పుడు గుర్తు చేసుకోండి. రకాలు ఎక్కువైనంత మాత్రాన ఆరోగ్యం ఎక్కువ అయితే, మన చెవుల వెనుక ఈ పాటికి పుండ్లు పడి ఉండాలి.

సీసాను చూస్తే చాలామందికి ఇంకో మాట కూడా తోస్తుంది: "మన సున్నిపిండీ కుంకుడుకాయలూ ఉండగా ఇవన్నీ ఎందుకు?" తాతల నాటిది కాబట్టి మంచిదే అనేదీ, కొత్తగా వచ్చింది కాబట్టి మంచిదే అనేదీ ఒకే రకం మాట. రెండింటికీ అదే పరీక్ష పెట్టాలి. మొదటి పరీక్ష మీ ఇంట్లోనే పెట్టవచ్చు. తెల్లగుడ్డ ముక్కలను పసుపు నీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టండి. ఒక ముక్క మీద బట్టల సబ్బు నురగ, ఒకదాని మీద ఒంటి సబ్బు నురగ, ఒకదాని మీద కుంకుడు పులుసు, ఒకదాని మీద మజ్జిగ, ఒకదాని మీద షాంపూ వేయండి. ఏవి ఎర్రబడ్డాయో రాసుకోండి. బట్టల సబ్బు బాగా ఎర్రగా మారుస్తుంది. కుంకుడు పులుసుకు నురగ ఎంత వచ్చినా పసుపు పసుపుగానే ఉంటుంది. పులుపు వైపు ఉన్నవాటిలో ఏది ఎక్కువ పులుపో మాత్రం పసుపు చెప్పలేదు. దానికి ఎర్ర మందార రేకులు నానబెట్టిన నీళ్ళు మేలు. పులుపు కలిస్తే ఆ నీళ్ళు ఎర్రబారతాయి, క్షారం కలిస్తే ఆకుపచ్చ వైపు మారతాయి.

కుంకుడు పులుసు ఈ మొదటి పరీక్ష నెగ్గింది. అది మీ తల మీది మలసీజియానూ స్టాఫిలోకోకస్‌లనూ ఏం చేస్తుందన్నది రెండో పరీక్ష. దానికి రెండు జట్ల మనుషులు కావాలి, దూది కావాలి, ఆ 1,500 అక్షరాలు చదివే యంత్రం కావాలి. మీలో ఎవరైనా పెద్దయ్యాక చేయవచ్చు. ఈ ఆదివారానికి పసుపు గుడ్డ చాలు. పులుసు తీసేటప్పుడు మాత్రం కళ్ళలో పడకుండా చూసుకోండి.